పెదాల మీది పేరు

వార్దోలో రెండు నెలలుగా పొద్దు పొడవలేదు.
ఫ్రిజ్ తలుపు మీద పేర్ల చీటీ,
సగం కొట్టివేతలే.

మియా, అన్నాను.
పియా, అంది సున్నివా.
రెండూ ఒకటేగా, అంది మా అమ్మ.
ముప్పై ఏళ్ల చేపల ఫ్యాక్టరీ
ఆవిడ చెవుల్ని తినేసింది;
ఇప్పుడు మాటల్ని
ఎదుటివాళ్ల పెదాల మీద ఏరుకుంటుంది.
పొడుగు పేర్లు మధ్యలోనే జారిపోయాయి.
ముత్తవ్వ పేరైతే
నా మీసాల్లోనే చిక్కుకుంది.

విసిగి కాఫీ అందుకున్నాను.
పొగలు ఊది, తాగబోతూ నోరు తెరిచాను.

"ఊదా?
బావుందిరా. ఎవరు చెప్పారు?"

సున్నివా నావైపు చూసింది.
పొత్తిళ్ల మీదికి వంగి
పెదాలు సున్నా చుట్టి, విడిచింది.
పసిదాని నుదుట నూగు కదిలింది.

కాఫీ సంగతి
అమ్మకు ఇంకా చెప్పలేదు.