తడి కోత

రమ్మన్నది నీలగిరి తేయాకు తోటలకి.
ఘాట్ రోడ్డు మీద కొండచరియ జారిందని
శుక్రవారం రాత్రి పదింటికి బస్సు మానేశారు.
కట్టిన డబ్బులో సగం వెనక్కిచ్చి
మిగతా సగానికి
ఆదివారం పొద్దున తురహళ్ళి అడవి చూపిస్తామన్నారు.

అడవే, కాదనను.
నాలుగు వైపులా అపార్ట్‌మెంట్లు
బాల్కనీల్లోంచి వంగి చూస్తుంటాయి.
నల్లరాతి గుండ్లు, హైటెన్షన్ తీగలు,
ఎక్కడో ఒక నెమలి అరుపు.
నీలగిరికని బయల్దేరినందుకు
నీలగిరి చెట్లయితే దొరికాయి.

దారి చూపే మనిషి పేరు పొన్నుత్తాయి.
చీర మీద క్లబ్బు వాళ్ళ ఊదా టీషర్టు,
కాళ్ళకి కూతురి బూట్లు.
వారమంతా కనకపుర రోడ్డులో మెట్లు తుడుస్తుంది
ఏడో అంతస్తు నుంచి కిందికి.
ఆదివారం మాకు చెట్లు చెబుతుంది.
అరవంలో మొదలెట్టి, కన్నడంలోకి దిగి,
నా మొహం చూసి తెలుగులో ఆగుతుంది.
"ఇది రేల. అది చండ్ర.
ఇది పులికంప, మేం ఉన్నిచెడి అంటాం.
ఎక్కడిదో వచ్చింది, ఇంక పోదు.
మా మాదిరే."
తనే నవ్వింది.

నియమాలు మూడే.
గట్టిగా మాట్లాడొద్దు.
చెత్త వెయ్యొద్దు.
ఒక్క ఆకు తెంపొద్దు.
మూడోది చెబుతూ చెబుతూనే
పక్కనున్న కొమ్మ కొస గిల్లింది.
ఎవరూ చూడలేదు.
ఆమె కూడా చూడలేదు.

పదకొండు మందిలో వెనకబడ్డది నేను,
ఆపరేషన్ అయిన మోకాలు నాది.
బూటులో రాయి దులుపుకుని తలెత్తేసరికి
మనుషులు లేరు.
సన్నగా తుంపర.
బాటలు మూడు, మూడూ ఒకేలా ఎర్రగా.
ఫోన్‌లో నేనొక నీలం చుక్కని
పచ్చటి ఖాళీలో.

అప్పుడు కనిపించింది:
కుడివైపు బాటలో, నడుమెత్తు పొద కింద
రెండాకులు, ఒక మొగ్గ.
పదడుగుల తర్వాత ఇంకోటి.
తుంచిన చోట ఘాటు వాసన ఇంకా పచ్చిగా ఉంది.
ఏరుకుంటూ పోయాను
వడ్లగింజల వెంట కోడిలాగా,
రుమాలు నిండేదాకా.

బండ మీద అందరూ కూర్చుని ఉన్నారు.
ఆమె లేచి నాకోసం ఎదురొస్తోంది.
"ఇవి నీవేనా?" అని రుమాలు విప్పాను.
తన వేళ్ళకేసి చూసుకుంది
పక్కింటి మామిడికాయ కోసుకొచ్చిన పిల్లల్ని చూసినట్టు.
"పద్నాలుగో ఏట బుట్ట తగిలించారమ్మా.
ఇరవై ఆరేళ్ళు.
తోట మూసేశారు, వీటికి చెప్పలేదు ఎవరూ.
బస్సులో కూర్చుంటే కర్టెన్ అంచు గిల్లుతాయి."

అరచేతిలో పోసుకుని తూచింది, కళ్ళు మూసుకుని.
"అర్ధపావు.
తడికి కోత పోతే అదీ ఉండదు."
తడికి కోతేంటి?
"వానరోజు ఆకు నీళ్ళు మోస్తుంది కదా,
కాటా దగ్గర రెండు కిలోలు కొట్టేస్తారు.
మోసింది మేమే. నీళ్ళు మావి కాదు."
ఎండలో కోత లేదా?
"ఎండల్లో ఆకే ఉండదు."

గేటు బయట బండి దగ్గర పన్నెండు టీలు.
ఆమె పంచదార రెండోసారి అడిగి వేయించుకుంది.
క్లబ్బు కుర్రాడు ఋత్విక్
ఫోన్‌లో ఏదో నొక్కుతూ, తల ఎత్తకుండానే,
"అక్కా, ఒకరు తప్పిపోయారు. ఇరవై నిమిషాలు లేటు.
రూలు తెలుసుగా, వంద తగ్గిస్తున్నా" అన్నాడు.

తప్పిపోలేదు బాబూ, నాకు దారి వేసి పెట్టింది,
ఇదిగో చూడు, అని
రుమాలు మీదికి చెయ్యి పోయింది.
ఒక్క ఆకు తెంపొద్దు.
చెయ్యి అక్కడే ఆగింది.

పొన్నుత్తాయి గ్లాసు కింద పెట్టి
నా మణికట్టు గిల్లింది,
బొటనవేలు, చూపుడువేలు,
నొప్పి తెలియనంత తేలిగ్గా,
తెంపకుండా.