కాకీ తాటిపండూ లేని చోట

ఇనారీకి తూర్పున, ఏడు నెలలు గడ్డకట్టి ఉండే సరస్సు ఒడ్డున,
పాత పడవరేవు గదిలో వెల్లామో ల్యాప్‌టాప్ తెరిచింది.
పక్కన నీలి అట్ట నోటుబుక్కు.
రేవు కాపరి తౌనో చేతిరాత,
ఏడాదికో వరుస, అరవై ఒక్క వరుసలు:
మంచు ఏ రోజున విరిగిందో, అంతే.
వాన ఊసు లేదు, వార్త లేదు,
ఎవరి పుట్టుకా చావూ లేదు.

అంకెలన్నీ ఎక్కించి ఒక్క మాట కొట్టింది: గీయి.
తెల్లటి తెర మీద ఆవాలు చిందినట్టు చుక్కలు.
ఎడమవైపు కాస్త పైన, కుడికి పోయేకొద్దీ కిందికి,
ఎవరో పళ్ళెం వంచి పట్టుకున్నట్టు.

వంపు నిజమేనా, కంటి భ్రమా?
దానికో పరీక్ష ఉంది.
ఏళ్ళ మీంచి తేదీలు ఊడదీసి
పేకముక్కల్లా కలిపి మళ్ళీ పంచాలి.
వెయ్యిసార్లు.
వెయ్యి అబద్ధపు సరస్సులు
తమకి తోచిన రోజున కరుగుతాయి.

అంతకుముందు యంత్రానికి ఓ విత్తనం వెయ్యాలి.
గాలివాటానికి విత్తనమేమిటని నవ్వొస్తుంది గానీ
అదే అంకె నాటితే అదే అడవి మొలుస్తుంది,
ఆకు కూడా తేడా రాదు.
నేను రాసే భాషలో ఈ సంగతికి
ఓ కాకి ఉంది, ఓ తాటిపండు ఉంది:
అది వాలింది, ఇది రాలింది,
మధ్యలో ఎవరి ప్రమేయమూ లేదు.
ఇక్కడ కాకులైతే ఉన్నాయి.
వాటికి వాలడానికి పైన్ కొమ్మలే, రాలడానికి మంచే.
వెల్లామో 1974 నాటింది.

ఎందుకంటే ఎర్రటి అక్షరాల్లో యంత్రం అప్పటికే గొణిగింది:
ఒక వరుసలో విలువ లేదు, వదిలేశాను.
నోటుబుక్కు తిప్పితే ఆ ఏడు దగ్గర
పెన్సిల్‌తో రెండే మాటలు,
"నేను చూడలేదు."

"ఎందుకు చూస్తాడు?" అంది
కాఫీ ఫ్లాస్కు పట్టుకొచ్చిన సైమి.
"ఆ మే నెలంతా ఊలులో నా అద్దెగది కింద
టోపీ నలుపుతూ నిలబడ్డాడు.
మేం తిరిగొచ్చేసరికి ఇదంతా నీళ్ళే."

ఖాళీ పూడ్చే ఉపాయం యంత్రానికి తెలుసు.
సగటున నూట నలభై ఎనిమిదో రోజు, అటో ఇటో ఆరు.
ఆ లెక్కన ఒక్క విలువ పుట్టించమంటే
151 అంది.
"మే ముప్పై ఒకటి," అని చదివింది వెల్లామో.
"మళ్ళీ అడుగు."
మొదట్నుంచీ నడిపింది. 151.
ఇంకోసారి. 151.
"తౌనో కన్నా మొండిది."
"విత్తనం వల్లండీ."
"పీకెయ్యి మరి."

ఆ వరుస చెరిపేసింది.
139. మే పంతొమ్మిది.
"ఆ రోజు రై రొట్టె తెచ్చాడు. అడుగు మాడింది."
144.
"ఆదివారమో, శుక్రవారమో. వాన. గొడుగు లేదు.
నేను కిటికీ తీశాను."
156.
"జూన్ అయిదా? బస్సులో ఉన్నాం. నాకు వాంతి.
ఆయన తన టోపీ పట్టాడు."
147.
సైమి చాలాసేపు ఏమీ అనలేదు.
"అది చెప్పను," అంది.

వెల్లామో ఏ అంకెనీ దాచలేదు.
బొమ్మలో 1974 దగ్గర
ఒక చుక్కంత తెలుపు అలాగే ఉండిపోయింది.

ఈలోగా వెయ్యీ కరిగిపోయాయి.
అసలు సరస్సు జారినంతగా
జారినవి మూడే.
అంటే దాదాపుగా ఇది కాకి పని కాదు.
ఆ "దాదాపు"ని వెల్లామో రెండుసార్లు కొట్టేసి
మళ్ళీ రాసింది.

బయట ఏప్రిల్. మంచు ఇంకా మనిషి బరువు మోస్తోంది,
నడిమధ్యన మాత్రం తడిసిన దుప్పటి రంగు.
సైమి కళ్ళజోడు తుడుచుకుని తెర మీదికి వంగింది.
"ఆ మూడు సరస్సులూ," అని అడిగింది,
"ఇక్కణ్ణుంచి ఎటువైపు?"