గంటకు అర్ధరూపాయి

చాంద్‌పాష దుకాణంల
ఆడిపిల్లలకు సైకిలు కిరాయికియ్యరు.
అందుకే పుస్తకంల నా పేరు ఎల్లయ్య.
అది మా అన్న పేరు.
నూనె మరకల వేళ్లతోని రాసుకుంట
పాషన్న నా రెండు జడల దిక్కు చూసేటోడు,
"ఏం ఎల్లయ్యా, రిబ్బను ఊడిపోతున్నది" అనేటోడు.
అంతే. ఊర్ల ఇంకెవ్వరికీ చెప్పలే.

మూడో నంబరు. పచ్చది, పొట్టిది.
ముందల బ్రేకు లేదు,
ఎనుక బ్రేకు ఉన్నట్టే ఉంటది.
సీట్ల స్పంజి ఏ ఏడాది పోయిందో, ఇనుమే మిగిలింది.
పడ్డ చైను మల్ల ఎక్కిచ్చుడు
నేను నేర్చిన మొదటి చేతిపని,
కుట్లు అల్లికల కంటె ముందు.
లంగ అంచుకు పడ్డ నల్లగీత
అమ్మ సోడతోని ఉతికినా పోలే.
దెబ్బలు మాత్రం తెల్లారేసరికి పోయినయి.

బుచ్చమ్మ తొక్కకపోయేది.
మర్రిగూడ బోరునీళ్లు తాగి దాని మోకాళ్లు
చిన్నప్పుడే కొడవండ్ల లెక్క వంగినయి.
అది కరెంటు స్తంభం కింద కూసోని
నా గంట చూసేది.
గడియారం మా ఇద్దరిండ్లల్ల లేదు.
స్తంభం నీడ కంకర కుప్పను తాకితె గంట అయినట్టు.
తాకినంక గూడ
"ఇంక జానెడుందే, పో!" అని ఒర్లేది.
ఆ జానెడు నీడల నేను
బత్తాయి తోటల దాక పోయొచ్చేదాన్ని.
పాషన్న గోడ గడియారం చూసి, మమ్ముల చూసి,
అర్ధరూపాయే గల్లల ఏసుకునేటోడు.

ఒక్కపారి ఎక్కిచ్చుకున్న, క్యారియర్ మీద.
దాని కాళ్లు కిందికి ఏలాడవు.
చెరొక దిక్కు మలిగి
తొవ్వకు అడ్డం పెట్టినట్టు ఉంటయి.
వాగు కాడ దిగుడు. బ్రేకు లేదు గద.
గాలి మొకానికి తాకంగనే
దాని నోట్లెకెళ్లి ఒక సప్పుడొచ్చింది.
ఏడుపో, నవ్వో.
ఎనుకకు మర్రి చూస్తె ఇద్దరం పడుతం,
చూడలే.
ఇన్నేండ్లల్ల అడగనూ లే.

పాషన్న దుకాణం కాడ ఇప్పుడు జిరాక్సు సెంటరు.
పంక్చరు చూసే నీళ్ల తొట్టి
తలకిందులేసి దాని మీద కుర్చీ పెట్టిండ్రు.

మొన్న నల్లగొండల, క్లాక్ టవర్ కాడ
అద్దాల ఎనుక నిలబడ్డదది.
అదే పచ్చ. అదే వంకర హ్యాండిలు.
"ఓల్డ్ మోడల్ మేడం, మళ్లీ తెచ్చారు,
లిమిటెడ్ పీసులే" అన్నడు పిలగాడు.
మీసం ఇంక సరిగ మొలవలే.
"మనవలకా?"
నాకే, అన్న.
వాడు నవ్వుదామా వద్దా అని ఆగిండు.

టైరు వాసన చూసిన. సొల్యూషను వాసన లేదు.
బెల్లు కొట్టిన. సెల్‌ఫోను మెసేజి లెక్క మోగింది.
ఒంటి చేత్తోని లేపితె లేసింది, ఆకు లెక్క.
చెయ్యి దానంతటదే ఎనుకకు పోయి తడిమింది.
"క్యారియరేదీ?"
"దీనికి రాదు మేడం. లుక్ పోతది."

లుక్ పోతదట.
శానసేపు ఆ ఖాళీల
చెయ్యి పెట్టే నిలబడ్డ.

బయటికొచ్చి బుచ్చమ్మకు ఫోను జేసిన.
"పింఛన్ల లైన్ల కూసున్న, జెల్ది చెప్పు."
మన మూడో నంబరు కనబడ్డదే, అన్న.
కొత్తగ చేసిండ్రు. పద్దెనిమిది వేలు.
"గంటకా?"

నవ్వినం. ఆమె దగ్గుదాక నవ్వింది.
కొంటనే నేను, అన్న.
అవుతల ఎవరివో పేర్లు పిలుస్తున్నరు,
బుచ్చమ్మ పలుకుత లేదు.
"కొనుక్కో" అన్నది కొంచెమాగి.
"సొంతానిదైతె ఇగ
నీడ చూసేటి పని లేదు."

మల్ల తనే,
గొంతు తగ్గిచ్చి, లైన్లున్నోళ్లకు ఇనబడొద్దన్నట్టు,
"క్యారియరున్నదా దానికి?"

ఫోను చెవుకాడ పెట్టుకోనే
అద్దం తలుపు తోసిన.