వెయ్యిన్ని నలభై అడుగులు

మొగిలి కనుమ ఎక్కినాక, పలమనేరు ఇంకా రాకముందు,
ఎడమ పక్క మా బంకు.
పగలంతా స్కూటర్లు, టమోటా బండ్లు.
వందకు కొట్టు, యాభైకి కొట్టు,
జీరో చూసుకోన్నా అని నేను.
రాత్రిళ్లు బోర్లోళ్లు వస్తారు.
వాళ్లు రూపాయల్లో అడగరు, లీటర్లలో అడుగుతారు.

మొన్న మా ఊరి మొగిలప్ప వచ్చినాడు
ట్రాలీలో రెండు నీలం డ్రమ్ములేసుకోని.
డీజిల్ మనమే పోస్తే అడుక్కింత తగ్గిస్తానన్నాడంట
రిగ్గు మేస్త్రీ.
ఇది ఐదో బోరు.
ముందరి నాలుగింటి నోట్లో రాళ్లు పెట్టి మూసినారు.
మూడొందల ఇరవై లీటర్లు పట్టినా.
రెండో ఈత ఆవును అమ్మిన నోట్లు,
రబ్బరు బ్యాండు తీసి రెండుసార్లు లెక్కబెట్టినాడు.
డ్యూటీ దిగి నేనూ ట్రాలీ ఎక్కినా,
డ్రమ్ములు ఒరిగిపోకుండా పట్టుకోను.

రోడ్డు వారన పసుప్పచ్చ రాళ్లు:
కింద గ్యాసు పైపు ఉంది, ఇక్కడ తవ్వరాదు.
హెడ్‌లైట్లో ఒకదాని తర్వాత ఒకటి
అదే మాట.
మొగిలప్ప చదువుకోలేదు.
నేను చదివి వినిపించలేదు.

రిగ్గు లేచింది.
ఊరి నిద్రంతా చెడింది గానీ ఎవురూ తిట్టలే,
రేపు వాళ్ల చేన్లోనూ ఇదే మోత.
ఇరవై అడుగులకొక రాడ్డు.
రెండొందల కాడ ఎర్రమన్ను,
నాలుగొందల కాడ తెల్లపిండి,
ఆ పైన ఒకటే బండ.
టెంకాయ పట్టి చోటు చూపించినాయన
ఎప్పుడు లేచి పోయినాడో తెలీదు.

మా జేజికి నూనె అంటే శెనగనూనె.
గానుగాడించి తెచ్చిన డబ్బా
మూత తీస్తే వీధి దాకా కమ్మన.
నాకు నూనె అంటే ఇది.
ఒంటికి అంటితే సోపుకీ పోదు.
యాడో సముద్రం నడుమ ఎవురో తవ్వితే
ఈ నూనె పడిందంట.
దీన్ని తాగి ఈ మిషను ఈడ తవ్వితే
దుమ్ము పడతాంది.

రెండు గంటల కాడ చెంగమ్మ టీ పెట్టింది
చేని గట్టు మీదనే, గ్యాసు పొయ్యి మోసుకొచ్చి.
మంట నీలంగా లేచి, పచ్చబడి, నడుము వంచింది.
బండ అయిపోవచ్చింది.
పక్కకు పడుకోబెట్టి, కాలితో దొర్లించి,
ఇంకో పది గ్లాసులకు మంట పిండింది.
"కింద బండ తెగదు, పైన బండ నిలవదు" అనింది.
నవ్విందో లేదో దుమ్ములో కనపడలే.
నడినెత్తిన ఆమెకు రూపాయి బిళ్లంత చోట
వెంట్రుకలు మొలవవు.
ఇరవై ఏండ్ల కట్టెల మోపు అది,
గ్యాసు వచ్చినాక కూడా దిగలేదు.

ఎనిమిదొందలు.
మొదటి డ్రమ్ము ఖాళీ. తంతే గంట మాదిరి మోగింది.
తొమ్మిదొందలు.
మొగిలప్ప దుమ్ము పిడికిట్లో పిసికి చూసినాడు,
ముద్ద కాలే.
"ఆపేద్దామా సామీ?" మేస్త్రీ అరవ తెలుగులో అడిగినాడు.
మొగిలప్ప నా దిక్కు చూసినాడు.
రెండో డ్రమ్ములో పుల్ల ముంచి చూపించినా.
జానెడు.
"ఆ జానెడూ పోనీ."

వెయ్యిన్ని నలభై.
బురద చిమ్మింది.
దాని వెనకాల తెల్లగా, సన్నగా.
ఎవురూ అరవలే.
ఒకటిన్నర ఇంచి అన్నాడు మేస్త్రీ, టార్చి ఆర్పి.
ఎన్నాళ్లుంటాదో ఆయన చెప్పలే, మేము అడగలే.

చెంగమ్మ టీ గిన్నె తొలిచి ఆ నీళ్లే పట్టింది.
అడుసు అడుగుకు దిగేదాకా కాచుకోని
ముందు నాకే ఇచ్చింది,
డీజిల్ మోసినోడివి కదరా, తాగు అని.

నోటి కాడికి తెచ్చుకున్నా.
డీజిల్ వాసన.
చేతిదో, నీళ్లదో.
తాగేసినా.