స్పీడుబ్రేకర్ల లెక్క

దేవరకొండ నుంచి నల్లగొండకు
ముప్పై ఒక్క స్పీడుబ్రేకర్లు.
పందొమ్మిదేండ్ల సంది ఇదే రూటు,
ఎన్నడూ లెక్కపెట్టలె.
ఈ ఎండకాలం నా రొమ్ములు లెక్కపెట్టినయి.

సంచి పట్టీ ఎడమ భుజం మీంచి దిగి
సరిగ్గ ఆడనే ఒరుసుకుంటది.
టికెట్ మిషను పెద్ద బరువేం గాదు,
కని పచ్చిపుండుకు ఈగ సుత బరువే.
బస్సు నిండ ఆడోళ్లు, అన్నీ జీరో టికెట్లే,
మోచేతులకు మాత్రం జీరో లేదు.
కొండమల్లేపల్లి కాడ ఎక్కిన కూరగాయల గంప తగిలితె
కండ్లల్ల నీళ్లు దిరిగినయి.
చిల్లర చూసుకుంటున్నట్టు తల వంచుకున్న.

నలభైతొమ్మిది నాకు.
ముట్లు పూర్తిగ ఉడగలె, సక్కగ వస్తలెవ్వు;
రెండు నెలలు మాయమై
మూడో నెల బాకీ మొత్తం వసూలు చేసుకపోతయి.
నడిరాత్రి ఒంట్లకెల్లి సెగ లేస్తే
మంచం ఇడిసి బండల మీద పండుకుంటున్న.

మోకాళ్లు నొస్తున్నయంటె డిపోల అందరిదీ ఒకటే మాట:
ఫ్లోరైడు.
మా దిక్కు ఏ నొప్పికైనా నీళ్ల మీదికే నేరం.
రొమ్ముల సలుపు ఎవ్వరికీ చెప్పలె,
దానికి సుత నీళ్లే అంటరని.

నిఖత్ డాక్టరమ్మ చెయ్యి పెట్టి చూసింది, పరీక్ష రాసింది.
రెండు పలకల నడుమ పెట్టి ఒత్తిన్రు.
రిపోర్టు వచ్చేదాక నాలుగు రోజులు
నేను కొట్టిన టికెట్లల్ల ఊర్లన్నీ తప్పులే.
గడ్డ ఏం లేదన్నది.
రెండు నొక్కుళ్ల జెల్లు చేతికి రాసుకొమ్మన్నది,
రాత్రికి ఒక గోలి.
గర్భసంచి ఉన్నది గద, గోలి మరువొద్దన్నది.

సెగలు తగ్గినయి. నిద్రొచ్చింది.
కని రొమ్ములు ఇంకింత బిగుసుకున్నయి,
పాలు చేపుకొచ్చినట్టు.

నిజంగ గట్లనే.
నా బిడ్డ శైలకు పాలు మాన్పిచ్చిన వారం యాదికొచ్చింది.
వేపాకు నూరి పూసుకున్న,
మా అమ్మ మల్లెపూలు గుడ్డల చుట్టి కట్టింది,
పిల్ల ఏడ్చినప్పుడల్ల పూలు తడిసేటివి.
ఇరవై రెండేండ్లాయె.
ఇప్పుడు ఏ పిల్ల ఏడుస్తున్నదని?

ముత్తిలింగం నిద్రల మర్లితె చెయ్యి తగిలి
కెవ్వుమన్న.
ఆనాటి సంది తన చేతులు తన ఎదమీదనే కట్టుకొని పంటుండు,
సారుకు భయపడ్డ బడిపోరని లెక్క.
నవ్వొచ్చింది. నవ్వితె సుత నొచ్చింది.

మళ్ల పోయిన.
"మందుకు ఒళ్లు అలవాటు పడాలె సైదమ్మా,
ఒక్క నొక్కుడే పెట్టు, రెండు నెలలు చూద్దాం" అన్నది.
ఇది వాడితె క్యాన్సరొస్తదంట గద అని అడిగిన.
అబద్ధమనలె. నిజమనలె.
నా వయసు, మా ఇంట్ల ఎవ్వరికన్న ఉన్నదా అని అడిగి
చీటి ఎనుక గీతలు గీసి
ఎంతమందిల ఎంతమందికో చెప్పింది.
పందొమ్మిదేండ్లు లెక్క ఒప్పజెప్పినదాన్ని,
నాకు లెక్క సమజైతది.
ఒక్క నొక్కుడుకు ఒప్పుకున్న.
వద్దనుకుంటె ఆపుడు సుత నా చేతిలనే ఉన్నది.

సంచిని నడుముకు కట్టుకున్న.
మేనేజరు ఏందని అడిగితె భుజం నొప్పన్న.
ఫ్లోరైడా, అన్నడు.
అవునన్న.

నిన్న, కనగల్ దాటినంక,
కిటికీ పక్క సీట్ల ఒక టీచరమ్మ
స్పీడుబ్రేకరు రాకముందే
రెండు చేతులు ఎదకు అడ్డం పెట్టుకున్నది,
బ్యాగుల ఏదో దేవులాడుతున్నట్టు.
నాకు ఎరుకైంది.
డ్రైవరు లచ్చీరాం దిక్కు తిరిగి
"అన్నా, జర మెల్లగ" అన్న.
ఆమె తలెత్తి చూసింది.
జీరో టికెట్టు చింపి చేతుల పెట్టుకుంట
ఆమెకొక్కదానికే ఇనవడేటట్టు చెప్పిన:

"ఇంకా తొమ్మిదున్నయి."