టోపీ లోపలి వైపు

నాకు మొదటి టోపీ పెట్టింది ఊళ్ళో ఏజెంటు.
డ్రైవరు వీసా అన్నాడు.
మస్కట్‌లో దిగాక తెలిసింది
నేను తోలాల్సింది ఇస్త్రీ పెట్టెనని.

పదకొండేళ్ళు.
మత్రా సందులో, చేపల మార్కెట్టు వెనక
ఆవిరి కక్కే ఈ లాండ్రీకి
దేశదేశాల తలలు
తలలు లేకుండా వస్తాయి.

ఇక్కడివాళ్ళ టోపీ పేరు కుమ్మా అన్నప్పుడు
నాకు కుమ్మరి గుర్తొచ్చాడు. తప్పేం కాదు.
ఉతికి, గంజిలో ముంచి,
బోర్లించిన స్టీలు గిన్నెకు తొడిగి
తడి చేత్తో అంచు తిప్పుతుంటే
సారె మీద కుండలాగే లేస్తుంది.
కుట్టుపూల నడుమ సూది మొనంత కన్నాలు, వందలు.
గంజి మూసేసిన ఒక్కోదాన్నీ
నోటితో ఊది తెరవాలి.
లేకుంటే నెత్తికి గాలాడదని
ముసలి ఖల్ఫాన్ పోట్లాటకొస్తాడు.

అందరూ టోపీని బయట నుంచి చూస్తారు.
నేను తిరగేసి చూస్తాను.
పఠాన్ల ఉన్ని పకోల్ చుట్ట విప్పితే
సిమెంటు దుమ్ము, మడిచిన బస్సు టికెట్టు.
సింధీ టోపీలో అద్దం రాలిన చోట
దారం ఒక్కటే గుండ్రంగా కాపలా ఉంటుంది.
చిట్టగాంగ్ కుర్రాడి వల టోపీ పట్టీ మీద
బాల్‌పెన్నుతో ఫోన్ నంబరు,
చివరి రెండంకెలు చెమటకు పోయాయి.
సౌదీ నుంచి దిగినవాళ్ళ గుత్రా
నుదుటి మీద నాగుపడగలా నిలవాలి.
పడగ వంగిందా, డబ్బులు రావు.
ఎవరిదైనా అంచున ఉప్పు గీత ఉంటుంది,
ఆటు తీశాక కార్నిష్ రాళ్ళ మీద మిగిలే లాంటిది.
దానికి నిమ్మచెక్క, కాస్త సోడా.

రూములో మలబారు బీరాన్‌కోయ అడిగాడు:
"లాలెప్పా? అది మనవాళ్ళ పేరేనా?
మరి నీ టోపీ ఏది?"
ఉర్దూ ముక్కలు ముక్కలుగా వచ్చినవాణ్ణి,
దువా కూడా తెలుగులోనే అడుక్కునేవాణ్ణి,
ఏమని చెప్పేది.

మా నాయన నాయన, మా అబ్బకు టోపీ లేదు.
పత్తికొండ చుట్టూ ఇంటింటికీ
విల్లు మోసుకుపోయి దూదేకేవాడు.
టుంయ్ టుంయ్‌మని తంతి మోగుతుంటే
లేచిన పింజలు ఆయన నెత్తినే వాలేవి.
పొద్దుగూకేసరికి కనుబొమ్మలతో సహా తెల్లగా.
అవ్వ విదిలించబోతే
"ఉండనీయే, నమాజు కానీ" అనేవాడు.

ఒక రాత్రి షట్టరు దించాక
ఖల్ఫాన్ కుమ్మా పెట్టుకుని చూశాను.
ఊదారంగు దారం. ఆయన భార్య కుడుతూ కుడుతూ పోయింది.
వెనకవైపు నాలుగు వేళ్ళ మేర పూలు లేవు,
పెన్సిలు గీతలే.
అవి చెరగకుండా ఉతకడానికే
నాకు రెట్టింపు ఇస్తాడు.
కొలత కలవలేదు. చెవుల దాకా దిగిపోయింది.
తీసి, మళ్ళీ గిన్నె మీద పెట్టాను.
గిన్నెకు బాగా కుదిరింది.

మసీదు గుమ్మంలో ఒక బుట్ట ఉంటుంది,
ప్లాస్టిక్కు అల్లిక టోపీలు, వట్టి తలతో వచ్చేవాళ్ళకు.
ఇన్ని జుమ్మాలూ అందులోంచే తీసుకున్నాను.
నుదుటి మీద పడిన గళ్ళు
అసర్ దాకా పోయేవి కావు.
మొన్న బుట్ట ఖాళీ.
భుజం మీది తువ్వాలు తీసి చుట్టుకున్నాను,
అబ్బ సంతకు పోయేటప్పుడు చుట్టినట్టు.

పక్కన ఖల్ఫాన్.
కుడికీ ఎడమకూ సలాం అయ్యాక
నా తల వైపు చూసి
"ఇది ఏ దేశానిది?" అన్నాడు.

పత్తికొండ అంటే ఆయనకేం తెలుసు.
నాకున్న పిడికెడు అరబ్బీలో వెతికాను.
లాండ్రీ చీటీ మీద రోజూ రాసే మాటే దొరికింది,
దూదికి వాళ్ళ మాట:
"ఖుత్న్."

చెయ్యి చాచి కొన పట్టుకున్నాడు.
బేరమాడేవాడిలా రెండు వేళ్ళ మధ్య నలిపి
"గంజి ఎక్కువైంది" అన్నాడు.