సెలవు చీటీ

డిసెంబరు మొదటి సోమవారం
వచ్చే ఏటి సెలవు చీటీలు నా బల్ల మీదికి వస్తాయి.
రేవు కార్యాలయంలో ఎవరి చేతిరాత ఏదో నాకు తెలుసు.
అందరి కోరికా ఒక్కటే: జూలై.
వంట చేసే మత్రోనా రెండుసార్లు కొట్టేసి
మళ్లీ జూలై అనే రాసింది,
కింద చిన్నక్షరాల్లో,
"గడ్డికోతలున్నాయి. మా ఆవులు ఫిబ్రవరిలో మేతకి పోవు."

నన్నడిగితే చలికాలమే అంటాను.
చిన్నప్పటినించీ అదే మాట.
చలికాలం లేనా నది రోడ్డవుతుంది,
నిండు లోడు లారీలు నీళ్ల మీద నడుస్తాయి,
పొడి బూట్లతో అవతలి ఒడ్డు చేరతాం.
అంగట్లో చేపలు కట్టెల్లా నిలబడి ఉంటాయి.
పాలు పళ్లెమంత బిళ్లలుగా గడ్డకట్టి
సంచిలో టకటకలాడతాయి.
తాగే నీళ్లు పెరట్లో దిమ్మలుగా పేర్చుకుని
దాహమైనప్పుడు గొడ్డలి వెతుక్కుంటాం.
మైనస్ యాభైలో పొగమంచు దిగితే
ఎదురొచ్చే మనిషి మొహం కనబడదు,
దగ్గుని బట్టి పలకరిస్తాం.
పలకరించక్కర్లేని వాళ్ల దగ్గు కూడా తెలుసు.
అదో సుఖం.

వేసవా,
దోమలు.
అర్ధరాత్రి పన్నెండింటికి బంతాడే పిల్లలు.
ఎక్కడో అడవి తగలబడుతుంది,
ఉతికి ఆరేసిన దుప్పట్లు మనింటి పొయ్యిలోంచి తీసినట్టుంటాయి.
మాస్కో నించి వచ్చిన చుట్టాలు నుదురు తుడుచుకుంటూ
"ఇక్కడ కూడా చెమట పడుతుందా!" అని
ఏటేటా కొత్తగా ఆశ్చర్యపోతారు.

ఇక మా ఆయన జులుస్తాన్ చీటీ.
దాన్ని నేనే నింపుతాను, అడగక్కర్లేదు.
వేసవంతా బల్లకట్టు మీద తాళ్లు లాగుతాడు.
చలికాలమంతా అదే నదికి బర్మాతో చిల్లు పెట్టి
మంచు మందం కొలుస్తాడు.
బల్లకట్టు తిరిగే నెలల్లో సెలవు లేదు,
మంచుదారి తెరిచిన నెలల్లో సెలవు లేదు.
మిగిలింది అక్టోబరు చివర,
నది నీరూ కాదు, నేలా కాదు.
పడవ పోదు, కాలు ఆనదు.
విమానాశ్రయమేమో అవతలి ఒడ్డున.
గాలిపడవ ఉంది, నిజమే,
ఇద్దరం ఎక్కితే ఆ నెల బంగాళాదుంపలు కొనలేం.

పదకొండేళ్లుగా అతనికి అదే సెలవు.
ఒక ఏడు నల్ల సముద్రం చూద్దామని
ఈతబట్టలు కొన్నాను.
మేము మూట కట్టుకునేలోపు నదిలో మంచుముక్కలు దిగాయి.
ఆ బట్టల్ని కిటికీ రెండద్దాల మధ్య
దూదితో పాటు కుక్కాను, ధర చీటీ తీయకుండానే.
చలిగాలి ఆపడానికి బాగా పనికొస్తున్నాయి.

మొన్న అక్టోబరులో ఒడ్డున కూర్చున్నాం.
మంచుముక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ
ఎవరో చీకట్లో పంచదార నములుతున్నట్టు
ఉత్తరానికి పోతున్నాయి.
దుకాణంలో ఉల్లిపాయల ధర అప్పుడే రెట్టింపయింది.
అటునించి ఎవరూ రారు.
ఇటునించి ఎవరినీ దాటించక్కర్లేదు.
జులుస్తాన్ నదిని కొలవకుండా చూడటం
నేను చూశాను.
చలి ఒక ఎద్దని మా పెద్దలు చెప్పేవారు,
మాఘం దాటాక ఒక్కో కొమ్మూ విరుగుతుందని.
"కొమ్ములింకా రాలేదు దీనికి," అన్నాడు,
"తడి ముక్కు పెట్టి వాసన చూస్తోందంతే."
ఆ తర్వాత ఆవలించి,
నా భుజం మీద కాదు,
పక్కనున్న పడవ చెక్క మీద తల పెట్టి నిద్రపోయాడు.
నా టీ చల్లారి, అంచున సన్నటి పొర కట్టేదాకా
నేను కదల్లేదు.

నా చీటీలో ఎప్పుడూ ఫిబ్రవరి రాసేదాన్ని.
ఇవాళ అక్టోబరు చివరి వారం అని రాశాను.
కారణం అన్న గడి బొటనవేలంత ఉంది.
ఏం పడుతుంది అందులో,
"నది" అని రాశాను.
గవ్రీల్ గారు చదవకుండానే సంతకం చేశారు.

సాయంత్రం జులుస్తాన్ ఫోను:
ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు.
కార్లకి చాలు.
లారీలకి ఇంకా చాలదు.